సార్డిన్ డబ్బాల్లో జింకగిట్టలు

కిటికీ గట్టు మీదున్న కుండను జానెడు పక్కకు జరిపినందుకు ఆ సోమవారం ఉదయం ఒతీలియా తల్లి చేత చీవాట్లు తింది.

"దాన్ని ముట్టుకోవద్దని శనివారం నుంచి మొత్తుకుంటున్నాను," అంది తల్లి దోన్యా సెనోబియా, పెనం మీది మొక్కజొన్న రొట్టె మీద నుంచి చూపు తిప్పకుండానే. "జిగురు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. నీ కాగితాలు పెట్టుకోవడానికి ఇల్లంతా వదిలేసి నా కుండే అడ్డమొచ్చిందా?"

"పగిలిన కుండకు ఇంత సేవ ఏమిటమ్మా. సంతలో కొత్తది దొరకదా?"

"దొరుకుతుంది. కొత్త కుండలో ఉడికిన గింజలు మట్టివాసన కొడతాయి. దానికి రుచి నేర్పడానికి ఏడాది పడుతుంది. ఇది మా అత్తగారి కుండ. నాకంటే దీనికే వంట బాగా వచ్చు."

"పోనీ, ట్యూబు జిగురుతో అతికిస్తే గంటలో అయిపోయేది."

"ఆ మందుల షాపు వాసన నువ్వే తిను."

బల్ల అవతల కూర్చున్న తమ్ముడు బ్రౌలియో నవ్వాడు. ఒతీలియా కంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు చిన్న ట్రక్కులో గుడ్లు వేసి వస్తాడు. "తప్పు నాదేలే అక్కా. శుక్రవారం దానికి మోచెయ్యి తగిలించింది నేను. ఈ ఇంట్లో నీ కేసు కంటే ఈ కుండ కేసే పెద్దది. దర్యాప్తు అధికారి అమ్మ."

"నువ్వు మాట్లాడకు. తిను," అంది తల్లి. వాడు రొట్టెను తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

ఒతీలియా కుండను మళ్లీ దాని చోటికి జరిపింది. నిలువునా వచ్చిన పగులు వెంట జిగురు తేనె రంగులో మెరుస్తోంది. సాన్ హసింతో ఊళ్లో పగిలినది ఏదైనా, కుండైనా, వయొలినైనా, దేవదూత బొమ్మ రెక్కైనా, జింకగిట్ట మొక్కను నూరి తీసిన జిగురుతోనే అతుక్కుంటుంది. పొరుగింటి ఉప్పు ఎక్కడిదని ఎవరూ అడగనట్టే ఆ జిగురు ఎక్కడిదని కూడా ఎవరూ అడగరు. జిల్లాకు పంతొమ్మిదేళ్లుగా దర్యాప్తు అధికారిగా ఉన్న ఒతీలియా కూడా అడగలేదు.

ఆమె నిలబడే కాఫీ తాగింది. గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. సాయంత్రం ఐదింటికి రాజధాని లారీ బయల్దేరుతుంది. ఆలోపు ఏదో ఒకటి తేలాలి.

*

ఊరి బయట సున్నపు బీడు మీద ఆదివారం ఉదయం కాపలాదారు గుంటలు చూశాడు. జింకగిట్టలను ఎవరో పెళ్లగించుకుపోయారు. నేలకు సమానంగా, పగుళ్లు తేలిన బురద పెళ్లలా ఉండే నాగజెముడు జాతి మొక్క అది. అరచేతంత కూడా ఉండదు. పెరగడంలో దాని నిదానం దానిదే. ఇంకెక్కడా సహజంగా మొలవదని ఊరివాళ్ల నమ్మకం, సేకరించేవాళ్ల ఆశ.

ఆదివారం మధ్యాహ్నానికే కమాండర్ అరీస్పె దొంగను పట్టేశాడు. మొక్కల అక్రమ రవాణాను అరికట్టడానికి రాజధాని నుంచి వచ్చిన ప్రత్యేక దళం అతనిది. ఈ కేసులో అతని సంతకం ఒతీలియా సంతకానికి పైన పడుతుంది. అతను పట్టుకున్నది డెబ్బై ఒక్కేళ్ల దోన్యా మెలితోనాను. ఆమె డాబా మీద రెండు వందలకు పైగా జింకగిట్టలు, సార్డిన్ చేపల ఖాళీ డబ్బాల్లో వరుసగా కనిపించాయి. మొక్కలతో పాటు ఆమె కూడా ఐదింటికి అదే లారీ ఎక్కాలి.

ఎనిమిదీ ఐదుకు ఒతీలియా పంచాయతీ ఆఫీసు గదిలోకి వెళ్లేసరికి అరీస్పె విచారణ మొదలుపెట్టేశాడు. మెలితోనా శాలువా కప్పుకొని బెంచీ మీద నిటారుగా కూర్చుంది.

"శుక్రవారం అర్ధరాత్రి దాటాక రెండింటికి నీ డాబా మీద దీపం వెలిగింది. ఎందుకు?"

"ఎలుకలు," అంది మెలితోనా. "మొక్కల నడినెత్తి కొరుకుతాయి. నా దీపం చూసినవాడు ఎలుకల్ని కూడా చూసే ఉంటాడు. అడగండి."

"బీడు నుంచి తెచ్చిన మొక్కల్ని డబ్బాల్లో సర్దుతున్నావు."

"నా మోకాలు రెండు మెట్లు ఎక్కితే మూడో మెట్టు దగ్గర దేవుణ్ణి తలుచుకుంటుంది. బీడుదాకా నన్ను ఎవరు మోశారు బాబూ, ఎలుకలేనా?"

ఒతీలియా కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది. "ఎన్నేళ్లుగా పెంచుతున్నావు, దోన్యా మెలితోనా?"

"ఇరవై రెండు."

"విత్తనాలు?"

"బీడు మీద మొక్కలవే. కాళ్లు ఆడినన్నాళ్లూ నేనే వెళ్లి తెచ్చుకున్నాను. మొక్క నడినెత్తిన ఉన్ని ఉంటుంది చూడు, కాయ అందులో దాక్కుంటుంది. సూదితో తీస్తాను. సగం నాకు, సగం చీమలకు. ఈ పనిలో అవి నాకంటే పాతవి." ఆమె బొటనవేలు, చూపుడువేలు దగ్గరకు తెచ్చి చూపించింది. "మొదటి ఏడాది గాజు మూత కింద ఆవగింజంత ఉంటుంది. మూడో ఏట శనగగింజ. ఏడో ఏట చొక్కా గుండీ. పన్నెండో ఏట పువ్వు, ఇద్దరం బతికుంటే."

"పన్నెండేళ్లు," అన్నాడు అరీస్పె. "ఒక్క పువ్వు కోసం. ఎవరు నమ్ముతారు?"

"నమ్మకండి. బీడు మీద మొక్కలు పీకేవాళ్లు వందమంది ఉన్నారు. పెట్టేదాన్ని నేనొక్కదాన్ని. మీరు వచ్చి పెట్టేదాన్ని పట్టుకున్నారు. మీ నమ్మకంతో నాకేం పని?"

అరీస్పె లేచాడు. "విన్నారుగా మేడమ్. నాటకం బాగుంది. ఇక లారీకి కాగితాలు సిద్ధం చేద్దాం."

"బీడు చూద్దాం పదండి," అంది ఒతీలియా.

"నేను ఆదివారమే చూశాను."

"ఆదివారం మీరు ఎన్ని గంటలకు చూశారు?"

"ఉదయం తొమ్మిదికి."

"తొమ్మిదికి అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు," అంది ఆమె. జీపు తాళాలు తీసుకొని బయటకు నడిచింది. వెళ్లకపోతే ఆమె ఏం కనిపెట్టుకొస్తుందో తెలియదు కాబట్టి అతను కూడా వెంట వెళ్లాడు.

*

పదకొండింటికి వాళ్లు బీడు మీద ఉన్నారు. ఒతీలియా తాడు పరిచి ఒక్కో వరుసా లెక్కపెట్టింది. గుంటలు రెండు వందల పదమూడు. మళ్లీ లెక్కపెట్టినా అంతే వచ్చింది. ఒక గుంట పక్కన బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టింది. జానెడు లోతు, పైన వెడల్పు, కిందికి వెళ్లేకొద్దీ సన్నం. క్యారెట్ దుంపను జాగ్రత్తగా లాగినట్టుంది. తెగిన వేరు ఒక్క గుంటలోనూ లేదు.

"తొందరపడలేదు," అంది ఆమె. "ఒక్కో దానికి మూడు నాలుగు నిమిషాలు. ఒక్కడి పనైతే రోజంతా పట్టేది. ముగ్గురు ఉంటే నాలుగు గంటలు."

"రాత్రంతా టైముంది."

"రాత్రి కాదు."

"ఎందుకు కాదు? కాపలాదారు చివరిసారి బీడు చూసింది శుక్రవారం సాయంత్రం. శనివారం అతనికి సెలవు. ఆదివారం గుంటలు కనపడ్డాయి. ముసలమ్మ దీపం శుక్రవారం రాత్రి. లెక్క సరిపోయింది."

"కమాండర్ గారూ, ఇప్పుడు మీ చుట్టూ పది అడుగుల్లో ఎన్ని జింకగిట్టలున్నాయి?"

అతను చుట్టూ చూశాడు. బీటలువారిన బూడిదరంగు నేల, గులకరాళ్లు. "ఒక్కటీ లేదు. ఇటువైపు కూడా పీకేశారు."

"గుంటలు కనపడుతున్నాయా?"

"లేవు."

"అయితే అక్కడే నిలబడండి. కదలొద్దు."

"మేడమ్, నేను మీ కానిస్టేబుల్‌ని కాను."

"ఒక్క అరగంట. ఐదింటి దాకా మీకు మాత్రం వేరే పనేముంది?"

అతను టోపీ ముందుకు లాక్కుని, కోపంతో కాలు కూడా మార్చకుండా నిలబడ్డాడు. ఈలోగా ఒతీలియా గుంటల చివరి వరుస వెంట నడిచింది. అక్కడ కలబంద లాంటి ముళ్లపొద ఒకటి ఉంది. దాని మొనకు బొటనవేలంత అట్టముక్క గుచ్చుకుని ఉంది. నానబెట్టిన కాగితం గుజ్జుతో చేసిన బూడిదరంగు అట్ట. గిన్నెలా వంపు తిరిగి ఉంది. ఆమె దాన్ని కవరులో పెట్టి జేబులో వేసుకుంది.

పన్నెండుకు పది నిమిషాలుండగా నేల మీద రంగు మొదలైంది. ముందు అరీస్పె ఎడమ బూటు దగ్గర ఊదా గులాబీ రంగులో చిన్న మొన లేచింది. తర్వాత అటు ఒకటి, ఇటు రెండు. పన్నెండూ పదికి అతని చుట్టూ పంతొమ్మిది పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. ఇరవయ్యోది అతని కుడి మడమ కింద నుంచి పక్కకు వంగి బయటకు వచ్చింది. అతను ఆ కాలు పైకెత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా ఉండిపోయాడు.

"ఏడాదిలో మూడు వారాలు, రోజుకు మూడు నాలుగు గంటలు," అంది ఒతీలియా. "ఎండ నెత్తి మీదికి రావాలి. మూడు దాటితే ముడుచుకుపోతుంది. మిగతా కాలమంతా అది మట్టి. ఇక్కడ పుట్టిన నాకే కనపడదు. మీరు పట్టపగలు దాని మీద నిలబడి లేదన్నారు. చీకట్లో దీపం పట్టుకుని రెండు వందల పదమూడింటిని, ఒక్క చోట కూడా ఉత్తినే తవ్వకుండా, ఎవడు తీస్తాడు?"

అరీస్పె పువ్వుల మధ్య ఖాళీ వెతికి కాలు దించాడు.

"దొంగలు మధ్యాహ్నం వచ్చారు. కాపలా లేని శనివారం మధ్యాహ్నం. శుక్రవారం రాత్రి దీపానికి దీనితో సంబంధం లేదు."

"శనివారం ముసలమ్మ ఎక్కడుంది?"

"నన్నెందుకు అడుగుతారు? ఆమె మొక్కల్నే అడుగుదాం."

*

సార్డిన్ డబ్బాలన్నీ పంచాయతీ ఆఫీసు పెరట్లో ఉన్నాయి. అరీస్పె మనుషులు వాటిని లారీ కోసం ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. పై డబ్బా అడుగు కింది మొక్క నెత్తి మీద ఆనుతోంది. అది చూసి మెలితోనా ఒక్కో డబ్బానూ దింపి నేల మీద పెట్టడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ ఒకడు అడ్డం రాబోతే ఒతీలియా చేత్తోనే ఆపింది.

"ఒక మొక్కను డబ్బాలోంచి తీయాలి, దోన్యా మెలితోనా."

ముసలామె చెయ్యి ఆగింది. "పువ్వుమీదున్నప్పుడు కదిలిస్తే మళ్లీ కోలుకోవడానికి ఏడాది పడుతుంది. కొన్ని కుళ్లిపోతాయి కూడా."

"తెలుసు. తీయకపోతే అన్నీ లారీ ఎక్కుతాయి. అక్కడ గోదాములో రోజూ నీళ్లు పోసేవాళ్లుంటారు."

మెలితోనా కాసేపు వరుసల వెంట చూసింది. చివరికి ఒక డబ్బా ఎంచింది. "ఇది నీ తమ్ముడు ఖాళీ చేసిన డబ్బా. పద్నాలుగేళ్లప్పుడు బడి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చేవాడు. రెండు రొట్టెలు, ఒక డబ్బా చేపలు. జ్ఞానస్నానంనాడు వాణ్ణి చేతుల్లోకి తీసుకున్న ధర్మతల్లిని, తిండి పెట్టకుండా ఎలా పంపను? ఇది వాడి డబ్బా. దీనికి ధైర్యం ఎక్కువ."

డబ్బా అడుగున అచ్చు వేసిన తేదీ ఉంది. పద్నాలుగేళ్ల కిందటిది. ఆమె డబ్బాను అరచేతితో రెండుసార్లు తట్టి, గరిటె కాడతో అంచులు వదులు చేసి మొక్కను మట్టితో సహా అరచేతిలోకి దించుకుంది. మట్టిని వేళ్లతో రాల్చింది.

వేరు క్యారెట్‌లా లేదు. చెప్పు అడుగులా బల్లపరుపుగా, రెండు కొసలా గుండ్రంగా, అచ్చం ఆ డబ్బా ఆకారంలో ఉంది. అడుగున ఉన్న గాడులు కూడా వేరు మీద పడ్డాయి.

"పొడుగు వేరును కోసి కుక్కి ఉండొచ్చు," అన్నాడు అరీస్పె.

"కోస్తే మచ్చ ఉంటుంది. చూడండి."

అతను కళ్లజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. మచ్చ లేదు. "ఇది ఒక్కటే. ముసలమ్మ తనకు కావలసినదే ఎంచింది. మిగతా వాటి సంగతి?"

"మిగతావి మీరే ఎంచుకోండి," అంది మెలితోనా. "మీ చేతులతో మీరే తీయండి. ఒక్కదానికి నిలువు దుంప కనపడినా నేనే వెళ్లి లారీలో కూర్చుంటాను. ఎవరూ ఎక్కించనక్కర్లేదు, మోకాలి సంగతి నేను చూసుకుంటాను."

అరీస్పె మూడు డబ్బాలు ఎంచుకున్నాడు. ఒకటి ముందు వరుసలోది, రెండు మూలల్లోవి. మొదటిదాన్ని మొరటుగా లాగాడు. రెండోదానికి ఆమె చేసినట్టు అరచేతితో తట్టాడు. మూడోదాన్ని బయటకు తీశాక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. మూడూ చెప్పులే.

"సరే," అన్నాడు చివరికి. "ఇవి బీడువి కావు. మరి బీడువి ఎక్కడ? పై అధికారులకు దొంగ దొరికిందని నిన్ననే చెప్పాను. ఖాళీ లారీతో వెళ్లి, పువ్వులు చూసొచ్చానని చెప్పనా? ఐదింటికి అసలు మొక్కలు ఈ పెరట్లో ఉండాలి. లేకపోతే వీటినే ఎక్కిస్తాను. నిజం కోర్టులో తేలుతుంది."

"కోర్టులో తేలేసరికి ఇవి కుళ్లిపోతాయి."

"అది నా శాఖ కాదు."

"అయితే నా జీపును లారీకి అడ్డంగా పెడతాను."

"ఉద్యోగం పోతుంది మేడమ్."

"పోనివ్వండి. కుండలు అతకడం మా అమ్మ నేర్పుతుంది."

*

మూడూ ఐదుకు ఆమె ఇల్లు చేరేసరికి తల్లి, తమ్ముడు భోజనాల బల్ల దగ్గర ఎదురుచూస్తున్నారు. బల్ల మధ్యలో కుండ ఉంది. నల్ల చిక్కుడు గింజల పులుసు పొగలు కక్కుతోంది.

"ఒక్క చుక్క కారలేదు, చూడు," అంది దోన్యా సెనోబియా గర్వంగా. "పొద్దున మూడు గంటలు ఉడికింది. ట్యూబు జిగురైతే ఈపాటికి పొయ్యి ఆర్పేది."

"బాగా పట్టింది," అంది ఒతీలియా, గరిటె అందుకుంటూ.

"పట్టదా మరి. అప్పటికప్పుడు నూరిన జిగురు. శనివారం సాయంత్రం బ్రౌలియో మొక్కనే తెచ్చాడు. పాపం, నా గోల పడలేక. దాని నెత్తిన పువ్వు కూడా ఇంకా వాడలేదు. పారేయబుద్ధి కాక మాత దగ్గర పెట్టాను."

ఒతీలియా తల తిప్పింది. గోడకున్న గ్వాదలూపె మేరీమాత పటం కింద చిన్న గ్లాసులో ఊదా గులాబీ రంగు పువ్వు తల వాల్చి ఉంది. రెండు రోజులుగా అది అక్కడే ఉంది. రెండు రోజులుగా ఆమె దాని ముందు నుంచే తిరిగింది.

గరిటె కుండలోనే వదిలేసింది. జేబులోంచి కవరు తీసి, అందులోని అట్టముక్కను బల్ల మీద పెట్టింది. గుడ్ల ట్రేలో గుడ్డు కూర్చునే గుంట తాలూకు వంపు అది. బ్రౌలియో దాన్ని చూశాడు. చేతిలోని రొట్టె పక్కన పెట్టాడు.

"ఎన్ని ట్రేలు?" అని అడిగింది.

"ఎనిమిది."

"ఎక్కడున్నాయి?"

"బండిలో. గుడ్ల కింద."

"నీతో ఎవరు?"

"ఇద్దరు. ఈ ఊరివాళ్లు కాదు. కొనేవాడే పంపాడు. వాళ్లు శనివారమే వెళ్లిపోయారు. నాలుగున్నరకు హైవే మీద పెట్రోలు బంకు దగ్గరకు అతనే వస్తాడు. పేరు చెప్పలేదు. మట్టిలో మట్టిలా పడుంటాయి, ఎవరికి లోటన్నాడు. నాకూ అలాగే అనిపించింది. మెలితోనమ్మ మీద పడుతుందని తెలియదక్కా, ఒట్టు."

"ఆదివారం తెలిసిందిగా. ఇవాళ పొద్దున ఇదే బల్ల దగ్గర కూర్చుని జోకులు వేశావు."

వాడు తల దించుకున్నాడు. దోన్యా సెనోబియా ఒకసారి కొడుకును, ఒకసారి కూతుర్ని చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"వాడే తిరిగి నాటేస్తాడు," అంది. "ఇప్పుడే వెళ్లి ఎక్కడివక్కడ పెట్టేస్తాడు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఐదింటికి మెలితోనమ్మ డబ్బాలు లారీ ఎక్కుతాయి, అదీ తెలుస్తుంది. ఆవిడ ఇవాళ ఏ డబ్బాలో మొక్కను పెకలించుకుందో తెలుసా అమ్మా? వీడు తిన్న డబ్బా. దానికి ధైర్యం ఎక్కువట."

బ్రౌలియో చేతులతో మొహం కప్పుకున్నాడు.

"వీడు నీ తమ్ముడు," అంది తల్లి.

"కాదనడంలేదు. అందుకే బేడీలు వేయను, వెనక కూర్చోబెట్టను. ఇద్దరూ వినండి, ఇంక మార్చను." ఒతీలియా గొంతు పెంచలేదు. "అరీస్పెకు ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఈ కేసు ఇక నాది కాదు, అతనిది. నాలుగింటికి బయల్దేరతాం. బండి బ్రౌలియో నడుపుతాడు, పక్కన నేను కూర్చుంటాను. నాలుగున్నరకు బంకు దగ్గర ఆ మనిషి చేతికి ట్రే అందేదాకా ఎవరూ కదలరు. వాడు తుపాకీతో వచ్చినా సరే, నేను బండి దిగను. ఐదింటికి పంచాయతీ పెరట్లో మెలితోనమ్మ ఎదురుగా వీడే నోరు విప్పుతాడు. ఆ తర్వాత నా ఉద్యోగం ఎవరు తీసేసుకున్నా నాకు అభ్యంతరం లేదు."

కుండలో పులుసు మీద పొర కడుతోంది.

"బండిలో ఎన్ని మొక్కలున్నాయి?" అని అడిగింది ఒతీలియా.

"రెండు వందల పన్నెండు."

"గుంటలు రెండు వందల పదమూడు."

ముగ్గురూ ఒకేసారి కుండ వైపు చూశారు. నిలువు పగులు వెంట జిగురు మెరుస్తోంది.

"అది కూడా రాస్తావా?" అంది దోన్యా సెనోబియా.

"రాస్తాను. పువ్వూ రాస్తాను. తిన్నాక కడిగి ఇవ్వు, కుండ కూడా మాతో వస్తుంది."

తల్లి గరిటె అందుకుని ముందు బ్రౌలియో పళ్లెంలో, తర్వాత ఒతీలియా పళ్లెంలో అంచుదాకా గింజలు వడ్డించింది.

"అయితే తినండి," అంది. "గింజలున్న కుండను ఎలా కడగను?"